గేములు తయారుచేసే పిల్లలకు ఏ కంప్యూటరు కొనాలి?

(రేడియో ప్రసంగ పాఠం)

ఇవాళ అల్ ఐన్‌లోని మన తెలుగు ఇళ్ళకు పనికొచ్చే ఒక విషయం మాట్లాడుకుందాం. "మా వాడు గేములు ఆడటం మానేసి, తనే తయారుచేస్తానంటున్నాడండీ. ఆరేడు వేల దిర్హమ్‌ల ల్యాప్‌టాప్ కావాలంటున్నాడు. నిజంగా అంత పెట్టాలా?" అన్నది ప్రశ్న. అమ్మాయి అడిగినా ప్రశ్న ఇదే.

ఆరేడు వేలంటే మాటలు కాదు. బడి ఫీజు, ఇంటి అద్దె, ఊళ్ళో పెద్దవాళ్ళకు పంపే డబ్బు అన్నీ ఒక్క జీతంలోంచే రావాలి. పన్నెండో తరగతి అవగానే పిల్లలు చాలామంది ఇంజనీరింగుకి ఇండియా వెళతారు. కాబట్టి ఇప్పుడు కొన్నది అప్పుడు కూడా పనికి రావాలి. అలాగని "ముందు చదువుకో, తరువాత చూద్దాం" అనేస్తే, ఆడే పిల్లవాడు తయారుచేసేవాడిగా మారే అవకాశం పోతుంది. క్లుప్తంగా చెప్పాలంటే, మొదలుపెట్టడానికి అంత ఖర్చు అక్కర్లేదు. ఎందుకో చూద్దాం.

ముందు ఇంజను, తరువాత కంప్యూటరు

గేము తయారుచేయడానికి వాడే ప్రోగ్రామును గేమ్ ఇంజను అంటారు. ఎలాంటి కంప్యూటరు కావాలో నిర్ణయించేది ఇదే. ముఖ్యమైనవి మూడు చెబుతాను.

మొదటిది గొడో. 2014 నుంచి అందరికీ ఉచితం, రాయల్టీ గొడవ లేదు. 4 జీబీ మెమరీ ఉన్న కంప్యూటరులో కూడా నడుస్తుంది, 8 ఉంటే సుఖం. టూడీ ఆటలకు, చిన్న త్రీడీ ఆటలకు ఇది చాలు. రెండోది యూనిటీ. మొబైల్ గేములకు బాగా వాడుకలో ఉంది, నేర్చుకునేవారికి ఉచితం. దీనికి 16 జీబీ పెట్టుకోవడం మంచిది. మూడోది అన్‌రియల్. సినిమాలాంటి త్రీడీ దృశ్యాలు దీని ప్రత్యేకత. దీన్ని తయారుచేసిన ఎపిక్ కంపెనీయే 32 జీబీ మెమరీ, 8 జీబీ గ్రాఫిక్స్ మెమరీ ఉండాలని సిఫారసు చేస్తుంది. ఖరీదైన కంప్యూటరు అవసరమయ్యేది ముఖ్యంగా ఇక్కడే.

పుణేలోని నాడింగ్ హెడ్స్ గేమ్స్ వారు 2020లో విడుదల చేసిన 'రాజీ' అన్‌రియల్‌లో చేసినదే. కానీ దాని వెనుక ఒక బృందం ఉంది. మరోవైపు ఎరిక్ బరోన్ అనే అమెరికన్ యువకుడు ఒక్కడే నాలుగేళ్ళకు పైగా కష్టపడి 2016లో విడుదల చేసిన 'స్టార్‌డ్యూ వ్యాలీ' చిన్న చిన్న చుక్కలతో గీసిన టూడీ ఆట. అది కోట్లలో అమ్ముడుపోయింది. మొదటి ఏడాదిలో పిల్లలు చేసేవి ఈ రెండో రకానికే దగ్గరగా ఉంటాయి.

అందుకే నా సలహా ఇది. కొత్తది కొనే ముందు, ఇంట్లో ఉన్న పాత కంప్యూటరులోనే గొడో పెట్టి మూడు నెలలు పని చేయనివ్వండి. ఒక చిన్న ఆట, మొదలూ చివరా ఉన్నది, పూర్తి చేయమనండి. పూర్తి చేస్తే అప్పుడు కొనండి. ఈలోగా ఏది సరిపోవడం లేదో వాళ్ళకే తెలుస్తుంది.

డబ్బు దేనిమీద పెట్టాలి?

ఆట ఆడేవాడికి గ్రాఫిక్స్ కార్డు ముఖ్యం. తయారుచేసేవాడు ఇంజను, బొమ్మల ప్రోగ్రాము, బ్రౌజరు అన్నీ ఒకేసారి తెరిచి పెట్టుకుంటాడు కాబట్టి అతనికి ముందు మెమరీ కావాలి. ఆ తరువాత 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, ఆపైన మంచి ప్రాసెసరు. గ్రాఫిక్స్ కార్డు ఆఖరున. రంగురంగుల లైట్లు అసలు లెక్కలోకే రావు.

2025 చివరి నుంచి మెమరీ ధరలు బాగా పెరిగాయి. ఏఐ డేటా సెంటర్లకు చిప్పులు తరలిపోవడం దీనికి పెద్ద కారణం. అందుచేత "ఇప్పుడు 8 తీసుకుని తరువాత పెంచుకుందాం" అనుకునే ముందు ఆ పెంచే ఖర్చు కూడా కనుక్కోండి. కొన్ని ల్యాప్‌టాపులలో మెమరీని బోర్డుకే అతికించేస్తారు, తరువాత పెంచడం కుదరదు. ఇది కొనేముందే అడగాలి.

ల్యాప్‌టాపా, డెస్క్‌టాపా?

అదే డబ్బుకు డెస్క్‌టాపు ఎక్కువ పని చేస్తుంది. వేడి తట్టుకుంటుంది, భాగాలు మార్చుకోవచ్చు. ఆఫీసులు వాడి వదిలేసిన డెల్ ఆప్టిప్లెక్స్, లెనోవో థింక్‌సెంటర్ వంటివి చవకలో మంచి బేరం. అయితే పలచని డబ్బా కాకుండా టవర్ తీసుకోండి. పలచనివాటిలో పెద్ద గ్రాఫిక్స్ కార్డు పట్టదు.

రెండేళ్ళలో పిల్లవాడు ఇండియా వెళ్ళేటట్టయితే మాత్రం ల్యాప్‌టాపే నయం. 18 ఏళ్ళు నిండిన ప్రయాణికులు ఒక ల్యాప్‌టాపును కస్టమ్స్ సుంకం లేకుండా తీసుకెళ్ళవచ్చు. డెస్క్‌టాపుకు ఆ ప్రత్యేక మినహాయింపు లేదు. కరెంటు రెండుచోట్లా 230 వోల్టులే కాబట్టి ప్లగ్గు వైరు మారిస్తే సరిపోతుంది. ల్యాప్‌టాపులోని గ్రాఫిక్స్ కార్డు అదే నంబరున్న డెస్క్‌టాపు కార్డంత పని చేయదని కూడా గుర్తుంచుకోండి.

మన ఊరి ఎండ సంగతి చెప్పనక్కర్లేదు. వేసవిలో ల్యాప్‌టాపును కారులో వదలకండి, బ్యాటరీ పాడవుతుంది. ఇసుక దుమ్ము ఫ్యానులలో చేరుతుంది, అప్పుడప్పుడు శుభ్రం చేయించాలి.

ఎక్కడ, ఎలా కొనాలి?

రకరకాల కంపెనీలవి పోల్చి చూసుకోవాలంటే గంటన్నర ప్రయాణం చేసి బర్ దుబాయి వెళ్ళడం మంచిది. ఖాలిద్ బిన్ అల్ వలీద్ రోడ్డును కంప్యూటర్ స్ట్రీట్ అనే పిలుస్తారు. అన్నట్టు, కంప్యూటర్ దుకాణాలకు పేరుపడ్డ 'అల్ ఐన్ సెంటర్' ఉన్నది మన ఊళ్ళో కాదు, అక్కడే మన్‌ఖూల్ రోడ్డులో!

యూట్యూబులో చెప్పే అమెరికా ధరలు చూసి లెక్క వేసుకోకండి. అవి పన్ను కలపని ధరలు. డాలరుకు 3.6725 దిర్హమ్‌లు, పైన 5 శాతం వ్యాట్ వేసుకుంటే, వెయ్యి డాలర్ల వస్తువు సుమారు 3,856 దిర్హమ్‌లవుతుంది.

పాతది కొంటే మూడు చూడండి. ఒకటి, విండోస్ 11 నడుస్తుందా? విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంటెల్ అయితే ఎనిమిదో తరం లేదా ఆపైది కావాలి. రెండు, బ్యాటరీ రిపోర్టు తీయించి, కొత్తలో ఎంత సామర్థ్యం ఉండేదో, ఇప్పుడెంత ఉందో చూడండి. మూడు, అరగంట ఇంజను నడిపించి చూడండి. వేడెక్కి ఆగిపోతే అక్కడే తెలిసిపోతుంది.

చివరగా తల్లిదండ్రులకు ఒక మాట. చేసిన ఆటను అమ్మకానికి పెట్టాలంటే గూగుల్ ప్లేలో ఒకసారి 25 డాలర్లు, స్టీమ్‌లో ఒక్కో ఆటకు 100 డాలర్లు కట్టాలి. కంప్యూటరులో మిగిల్చిన డబ్బులో ఆ కాస్త పక్కన పెట్టండి. ఖరీదైన యంత్రం కొనిస్తే, దానికి తగ్గ ఆట చేయలేకపోతున్నానన్న బరువు పిల్లలమీద పడుతుంది. వాళ్ళు చేసిన మొదటి ఆటను మీరు కూర్చుని ఆడితే మాత్రం రెండోది తప్పకుండా చేస్తారు.

మరో విషయంతో మళ్ళీ కలుద్దాం. సెలవు.