మందుకు మందు

మన తెలుగులో ఒక తమాషా ఉంది. జబ్బు నయం చేసేదీ మందే, కొంప ముంచేదీ మందే. ఇక్కడి తమిళులు రెండోదాన్ని ‘సరక్కు’ అంటారు కనుక వాళ్ళకు ఈ చిక్కు లేదు. ధర్మపురిలో ముప్పై ఏళ్ళు మందుల షాపు నడిపి, ఇప్పుడు చెట్టికరైలో ఇంటిపట్టున ఉంటున్న నన్ను మన ఆడవాళ్ళు ఇప్పటికీ గుట్టుగా అడిగే ప్రశ్న ఒకటుంది: “అన్నా, ఆయనకు తెలియకుండా సాంబారులో కలిపేదానికి మాత్ర ఏమన్నా ఉందా?”

మాత్ర ఉంది. కలపకూడదు. ఎందుకో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ఆ మాత్ర పేరు డైసల్ఫిరామ్. నిజానికి అది రబ్బరు పరిశ్రమలో వాడే రసాయనం. 1940లలో కోపెన్‌హేగన్‌లో ఎరిక్ యాకబ్‌సన్, యెన్స్ హాల్డ్ అనే ఇద్దరు పరిశోధకులు కడుపులో పురుగులకు పనికొస్తుందేమోనని దాన్ని పరీక్షిస్తూ, తామే మింగి చూశారు. ఆ తర్వాత కాస్త మద్యం పుచ్చుకునేసరికి ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడింది. మద్యం మన ఒంట్లో మొదట అసిటాల్డిహైడ్ అనే విషంగా మారుతుంది. ఆ విషాన్ని విరిచే ఎంజైమును ఈ మాత్ర పనిచేయనివ్వదు. దాంతో వాంతులు, దడ, రక్తపోటు పడిపోవడం. గుండె జబ్బు ఉన్నవాడికైతే ప్రాణం మీదికే వస్తుంది. మాత్ర మానేసినా ఈ ప్రభావం రెండు వారాల దాకా ఉండవచ్చు.

సంగతి తెలిసినవాడు భయపడి సీసా ముట్టడు. ఆ భయమే ఇందులో అసలు వైద్యం. తెలియకుండా కలిపితే భయం ఎక్కడిది? మిగిలేది విషం ఒక్కటే.

పైగా ఈ మాత్ర భయపెడుతుందే గానీ, తాగాలన్న యావను తగ్గించదు. యావను తగ్గించే మందు కోసం శాస్త్రజ్ఞులు ఎలుకల దగ్గరకు పోవలసి వచ్చింది. మనిషిని అడిగితే “రెండే పెగ్గులు” అంటాడు. ఎలుక అబద్ధమాడదు కదా! బోనులో రెండు సీసాలు పెడతారు. ఒకదానిలో నీళ్ళు, రెండోదానిలో మద్యం కలిపిన నీళ్ళు. రోజూ ఏది ఎంత తగ్గిందో కొలుస్తారు. ఫిన్లండులో 1960లలో ఇష్టంగా తాగే ఎలుకలను వాటిలో వాటికే జతకట్టించి, తరతరాలుగా తాగే వంశాన్నీ, దాదాపు ముట్టని వంశాన్నీ వేరువేరుగా పెంచారు. వంశం అనగానే మనకు తెలిసిన కొన్ని ఇళ్ళు గుర్తుకొస్తాయి. ఈ అలవాటులో పుట్టుకకూ కొంత పాలు ఉందన్నది నిజమే.

ఆ దారిలో వచ్చినదే నాల్‌ట్రెక్సోన్. మద్యం పడగానే మెదడు తనంతట తానే నల్లమందును పోలిన పదార్థాలను విడుదల చేస్తుంది. తాగినవాడి హాయిలో వాటి పాత్ర పెద్దది. ఈ మందు వాటిని తగలవలసిన చోట తగలనివ్వదు. 1980లో కోతులలోనూ, తర్వాత ఎలుకలలోనూ దీనితో తాగుడు తగ్గింది. 1992లో ఫిలడెల్ఫియాలో వోల్పిచెల్లి బృందం 70 మంది మగవాళ్ళపై 12 వారాలు పరీక్షించింది. ఉత్తుత్తి మాత్ర మింగినవారిలో 54 శాతం మంది మళ్ళీ పాత తాగుడులో పడితే, అసలు మాత్ర మింగినవారిలో 23 శాతమే పడ్డారు. 1994లో అమెరికా ప్రభుత్వం అనుమతించింది. తర్వాతి పెద్ద పరీక్షలలో లాభం ఇంతకంటే తక్కువగానే తేలింది. కాలేయం బాగా చెడినవారికీ, నల్లమందు జాతి నొప్పి మందులు వాడేవారికీ ఇది తగదు.

ఎలుకకు కుదిరిందల్లా మనిషికి కుదరదు. దిగులుకు వాడే కొన్ని మందులు ఎలుకలలో తాగుడు తగ్గించాయి గానీ మనుషులలో ఆ ఆశ నిలవలేదు. ఇప్పుడు అందరి నోటా ఉన్న సెమాగ్లూటైడ్, అదే షుగరుకూ ఒళ్ళు తగ్గడానికీ ఇచ్చే ఇంజెక్షను, 2023లో స్వీడన్‌లో ఎలుకల తాగుడును తగ్గించింది. 2025లో వెలువడిన ఒక చిన్న అమెరికా పరీక్షలో, 48 మంది మనుషులలో కూడా తాగే మోతాదూ, యావా కొంత తగ్గాయి. కానీ తాగుడుకు మందుగా దాన్ని ఇంకా అనుమతించలేదు. ఎవరో చెప్పారని పొడిపించుకోవద్దు.

ఇంకొక మాట. రోజూ బాగా తాగేవాణ్ణి గదిలో పెట్టి తాళం వేసి మాన్పించబోకండి. ఒక్కసారిగా ఆగితే వణుకు, ఫిట్సు, మతి తప్పడం రావచ్చు, ప్రాణమే పోవచ్చు. డాక్టరు దగ్గర ఉండి మాన్పించాలి.

మన ధర్మపురి ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో మొదట చూపించండి. చెన్నైలో, తాగుడువల్ల భర్తను పోగొట్టుకున్న శాంతి రంగనాథన్ 1980లో స్థాపించిన సంస్థ ఉంది. మనకు దగ్గరదారి బెంగుళూరు: కృష్ణగిరి, హోసూరు మీదుగా బస్సు, నిమ్‌హాన్స్ హోసూరు రోడ్డులోనే ఉంది. ఇంట్లోవాళ్ళు ఒకరు తోడు వెళ్ళండి. ఆయన వాడే మాత్రల చీటీలన్నీ, షుగరువి, బీపీవి సహా, సంచిలో వేసుకుపోండి.