ప్రయోగశాలలో రసాయనముల పద్దు

రసాయనశాస్త్రమనగానే మన కన్నుల యెదుట నిలుచునవి గాజు నాళికలు, రంగురంగుల ద్రవములు, నీలి జ్వాలలు. ప్రమాదము జరిగినచో అది ప్రయోగము చేయు బల్ల మీదనే జరుగునని మన తలంపు. కాని వెనుకగదిలో, మూసిన బీరువాలో, ఎవరి దృష్టియు సోకని సీసాలో సయితము ప్రమాదము పొంచియుండును. కావున ఏ సరకు ఎక్కడ, ఎంత, ఎన్నాళ్ల నుండి యున్నదో తెలిసికొనుట గుమాస్తా పని మాత్రమే కాదు. అది ప్రాణరక్షణకు సంబంధించిన కర్తవ్యము.

ఇంటిలో ఊరగాయ పాతబడినచో రుచి చెడును, పారవేయుదుము. కొన్ని రసాయనములు పాతబడినచో స్వభావమే మారును. ఈథరు ఇందుకు చక్కని ఉదాహరణము. మూత తీసిన పిమ్మట గాలిలోని ఆమ్లజని సోకి, ఈథరులో పెరాక్సైడులను పదార్థములు మెల్లమెల్లగా ఏర్పడును. అట్టి ఈథరును బట్టీ పట్టునపుడు పెరాక్సైడులు అడుగున చిక్కబడి ప్రేలవచ్చును. అందుచే సీసా వచ్చిన తేదీయు, మూత తీసిన తేదీయు దానిపై వ్రాయవలెను; నియమిత కాలమున పరీక్షింపవలెను. ఈథరు 35 డిగ్రీల సెంటిగ్రేడు లోపుననే మరుగును. మన వేసవి ఎండ 40 డిగ్రీలు దాటునని వేరుగా చెప్పనక్కరలేదు. అట్లని ఇంటిలో వాడు సాధారణ రిఫ్రిజిరేటరులో దాచుట మరింత అపాయకరము; అందలి మీటల నుండి పుట్టు చిన్న నిప్పురవ్వ ఈథరు ఆవిరిని అంటించును. అందుకై నిప్పురవ్వలు పుట్టని ప్రత్యేక యంత్రములు కలవు.

జంతుశాస్త్ర విభాగములలో కణజాలములను చెడకుండ నిలుపుటకు వాడు పిక్రిక్ ఆమ్లము మరియొక ఉదాహరణము. నీటితో తడిసియున్నంతకాలము దానిని జాగ్రత్తగా వాడుకొనవచ్చును. నీరు ఇంకి ఎండినచో అది ప్రేలుడు పదార్థమగును. మూత మరలలో ఎండిన స్ఫటికములు, మూత త్రిప్పునపుడు కలుగు ఒరిపిడికే ప్రేలవచ్చును. అట్టి పాత సీసా కంటబడినపుడు దానిని కదల్పక, తెరువక, నిపుణులకు తెలుపుటయే కర్తవ్యము.

ఇక అమరిక. సీసాలను అక్షరక్రమమున పేర్చుట చూచుటకు సొంపుగా నుండును; వెదకుటకు సులభము. కాని ఆ క్రమమున సోడియం సైనైడును సల్ఫ్యూరిక్ ఆమ్లమును ఒకే వరుసకు చేరును. రెండు సీసాలు పగిలి కలిసెనా, ప్రాణాంతకమైన విషవాయువు వెలువడును. తెల్ల భాస్వరమును నీటిలో ఉంచవలెను. సోడియమునకు నీరే శత్రువు, దానిని కిరసనాయిలులో ఉంచవలెను. ఈ రెండింటికి ఒకే అర తగదు. నత్రికామ్లమును ఎసిటోన్ వంటి ద్రావకముల ప్రక్క నుంచరాదు. కావున మొదట స్వభావమును బట్టి వర్గములుగా విడదీసి, ఒక్కొక్క వర్గములో మాత్రమే అక్షరక్రమము పాటింపవలెను. ఆమ్లముల సీసాలు కంటి ఎత్తునకు మించని అరలలో, క్రింద తొట్టెలలో నుండవలెను.

పద్దు పుస్తకమున పేరు, పరిమాణము, వచ్చిన తేదీ, ఉంచిన చోటు, అపాయ స్వభావము ఉండవలెను. ఒకే పదార్థమునకు పలు పేర్లుండుటచే, 1965 నుండి అమలులోనున్న సి.ఎ.ఎస్. సంఖ్యను కూడ వ్రాసినచో పొరపాటు రాదు. నేడు పెక్కు సంస్థలు ఈ లెక్కను కంప్యూటరులో ఉంచుచున్నవి. పుస్తకమైనను యంత్రమైనను, ఏటికొకసారియైనను సీసాలను కంటితో చూచి సరిపోల్చినపుడే లెక్క నిజమగును. సోడియముపై కిరసనాయిలు తగ్గినదా, మూత తుప్పు పట్టినదా అనునది కంటికే తెలియును గదా!

ఇందువలన పొదుపు కూడ కలదు. ఉన్న సరకే తెలియక మరల కొనుట తప్పును. చౌకయని పెద్ద డబ్బా కొని, మిగిలిన దానిని నిర్మూలించుటకు అంతకు మించి వ్యయపడుట కంటె, కావలసినంతయే కొనుట మేలు. ముందు వచ్చినది ముందు వాడవలెను.

లెక్క యుండియు బాధ్యత వహించు వారు లేనిచో ఏమగునో 2020 ఆగస్టు 4 న బీరూట్ రేవున ప్రపంచము చూచినది. 2014 నుండి గిడ్డంగిలో పడియున్న దాదాపు 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేటు నిల్వ నిప్పంటుకొని ప్రేలి, రెండువందల మందికి పైగా మరణించిరి. అక్కడ సరకున్నట్లు అధికారులు ఎరుగుదురు. తొలగించిన వారు లేరు.

చీటీ ఊడిన సీసాను పండితుడు ముట్టడు. చివరకు గది ఊడ్చు పనివాడే దానిని ఎత్తును. అందలి దేమో అతడెరుగడు. అతని క్షేమము కొరకైనను ప్రతి సీసాకు పేరుండవలెను.

ఈ నియమము ఇంటికిని వర్తించును. స్నానపుగది కడుగు ఆమ్లమును బ్లీచింగు పొడితో కలిపినచో విషమైన క్లోరిన్ వాయువు పుట్టును. వాని నొకచోట నుంచరాదు. పురుగుమందును పానీయపు సీసాలో పోయరాదు. మీ పిల్లలు కళాశాలలో ప్రయోగములు చేయుచున్నచో, చీటీ లేని సీసా ముట్టవద్దని నేడే చెప్పుడు.