ఆపరేషనుకు ముందు పథ్యం

"బరువు తగ్గడం నా చేతనైతే ఈ ఆపరేషను దేనికోయ్?"

తడలో రోడ్డు పక్కన సరుకుల కొట్టు నడుపుతున్న మా బావ, చెన్నైలో డాక్టరుకు చూపించుకుని వచ్చిన సాయంత్రం నన్ను అడిగిన ప్రశ్న ఇది. అడిగినవాడి బరువు 128 కిలోలు. మధుమేహం, మోకాళ్ల నొప్పులు, నిద్రలో ఊపిరాడక ఉలిక్కిపడి లేవడం, ఇవన్నీ ఆ బరువుకు వడ్డీ. నడక, నియమం, నాటుమందు ఏళ్ల తరబడి చేసి చూశాడు. పోయిన నాలుగు కిలోలూ ఆరై తిరిగివచ్చేవి. చివరికి జీర్ణకోశాన్ని చిన్నది చేసే శస్త్రచికిత్సకు ఒప్పుకున్నాడు. తీరా డాక్టరుగారు తేదీ నిర్ణయించి, "ముందు రెండు వారాలు పథ్యం చేసి, కాస్త తగ్గి రండి" అన్నారట!

"ఏరు ఈది వస్తేనే ఈత నేర్పుతానన్నట్టుంది" అని బావ కోపం. ఆ కోపం నాకూ న్యాయంగానే తోచింది. మరుసటి వారం నేనూ వెంట వెళ్లి అదే ప్రశ్న డాక్టరుగారిని అడిగాను. ఆయన నవ్వి, "ఇది మీ బావగారి నిగ్రహానికి పరీక్ష కాదండీ, ఆయన కాలేయానికి మందు" అన్నారు.

ఆ సంగతి చదువరులకూ చెప్పవలసిందే. కాలేయంలో ఎడమ భాగం జీర్ణకోశం మీద కప్పుకుని ఉంటుంది. స్థూలకాయుల్లో చాలామందికి అది కొవ్వు పట్టి పెరిగి ఉంటుంది. 1966లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో డాక్టర్ ఎడ్వర్డ్ మేసన్ ఇటువంటి శస్త్రచికిత్స మొదలుపెట్టినప్పుడు పొట్ట కోసి చేసేవారు. ఇప్పుడు ఎక్కువగా నాలుగైదు చిన్న రంధ్రాలు చేసి, బొగ్గుపులుసు వాయువుతో పొట్టను ఉబ్బించి, కెమేరా గొట్టం లోపలికి పంపి, తెర మీద చూస్తూ చేస్తారు. అందుకు కాలేయాన్ని ఎత్తి పట్టుకోవాలి. అది మరీ పెద్దదైతే చూపు ఆనదు. ఎత్తబోతే చిట్లి నెత్తురు కారవచ్చు. ఒక్కొక్కప్పుడు పెద్ద కోత పెట్టవలసి వస్తుంది, లేదా పని అంతటితో ఆపవలసి వస్తుంది.

మరి రెండు వారాల్లో ఏమవుతుంది? మనం తిన్న అన్నంలో కొంత కాలేయంలో గ్లైకోజెన్‌గా నిలవ ఉంటుంది. ఒక్కొక్క గ్రాము గ్లైకోజెన్‌ను సుమారు మూడు గ్రాముల నీరు అంటిపెట్టుకుని ఉంటుంది. అన్నం, తీపి తగ్గగానే ముందు ఆ నిలవ ఖర్చయి, దానితో నీరూ పోతుంది. ఆ వెనుక కాలేయంలోని కొవ్వు కరగడం మొదలవుతుంది. ఐరోపాలో 273 మంది రోగులపై జరిపి 2011లో ప్రకటించిన పరిశీలనలో, ఇలా రెండు వారాలు పథ్యం చేసినవారికి ఆపరేషను చేయడం సుళువుగా ఉందని శస్త్రవైద్యులు చెప్పారు.

"లంఖణం పరమౌషధం" అని మనవాళ్లు ఊరికే అనలేదు. లంఘనమంటే పస్తు ఒక్కటే కాదు, దేహానికి లాఘవం కలిగించేదేదైనా లంఘనమేనని ఆయుర్వేదం చెబుతుంది. బావకు రాసిచ్చిన పథ్యమూ పస్తు కాదు. రోజుకు 800 నుంచి 1000 కేలరీలు. గుడ్డు తెల్లసొన, పలుచని మజ్జిగ, ఉడికించిన ఆకుకూర. పులికాట్ చేప మానక్కరలేదు. ముక్క తినవచ్చును గాని, ఆ పులుసు కలుపుకునే అన్నం కుప్ప పనికిరాదు. ఒక్క హెచ్చరిక: ఇది ఎవరికి వారు ఇంట్లో మొదలుపెట్టేది కాదు. మధుమేహానికి ఇన్సులిన్, మాత్రలు వాడేవారు మోతాదు మార్చుకోకపోతే రక్తంలో చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చు. బావకు డాక్టరుగారే మందులు తగ్గించారు.

ఎనిమిది రోజులు బాగానే గడిచాయి. తొమ్మిదో రోజున సూళ్లూరుపేటలో బంధువుల గృహప్రవేశం. "ఒక్క పూటకు ఏమవుతుంది?" అన్నారు అందరూ. ఆ పూట రెండు రోజులు సాగింది! ఇంటికి వచ్చాక అక్కయ్య నన్ను వంటింట్లోకి పిలిచి, "డాక్టరుగారితో అనకు తమ్ముడూ, తేదీ పోతుంది. మళ్లీ ఈయన ఒప్పుకోరు" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమె భయం నాకు తెలియనిది కాదు. రాత్రిళ్లు భర్త ఊపిరి ఆగితే లేచి కుదిపేది ఆమె కదా!

వరండాలో ఉన్న బావ ఆ మాట విన్నాడు. కాసేపు పలకలేదు. తరువాత ఫోను తీసి తానే డాక్టరుగారికి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆయన కోప్పడలేదు. ఏం తిన్నదీ అడిగి, తేదీ వారం వెనక్కి జరిపారు. "లోపలికి వెళ్లాక నాకు ఎలాగూ తెలుస్తుంది. ముందే తెలిస్తే మీకే మంచిది" అన్నారట.

ఆపరేషను నిరపాయంగా జరిగింది. కాలేయం చక్కగా లేచిందని బయటికి వచ్చి డాక్టరుగారు చెప్పినప్పుడు అక్కయ్య మొగం చూడాలి! అయితే పథ్యం అంతటితో తీరలేదు. కొద్దికొద్దిగా తినడం, విటమినులు, పరీక్షలు జీవితాంతం ఉండేవే.

మొన్న కొట్టులో ఒక పెద్దమనిషి బావను, "తగ్గగలిగినవాడివి ఆపరేషను దేనికయ్యా?" అని అడిగాడు. బావ అక్కడున్న బియ్యం బస్తా చూపించి, "దీని కింద చిల్లర పడింది, తీయాలి. ఎత్తలేకపోతే ఏం చేస్తావు?" అన్నాడు.

"సగం బియ్యం తీసేస్తాను."

"నేను చేసిందీ అంతే" అన్నాడు బావ.