ఏటికి లెక్క ఎవరు కడతారు?

మా జంగారెడ్డిగూడెంలో చేపల గంప వీధిలోకి రాగానే బేరం మొదలుపెట్టేది నేనే. ఆ గంపావిడ దగ్గర మాత్రం నాకు నోరు రాదు. ఎందుకంటారా?

2014లో మావారు పాపికొండల దారిలో ఓ గోదావరి ఒడ్డు పల్లెలో టీచరు. ఆవిడ మా పక్కింటామె. ఓ రోజు తెల్లవారకుండానే నన్ను దోనె ఎక్కించింది. ఆవిడ తెడ్డు వేస్తుంటే, ఆయన రాత్రి కట్టిన వల లాగుతున్నాడు. "కదలకండమ్మగారూ, దోనె ఒరిగిపోద్ది" అంటే ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. రెండు గంటల కష్టానికి నాలుగు జెల్లలు, ఒక బొచ్చె!

"పులస పడదా?" అన్నాను అమాయకంగా.

"అది మా దాకా ఎక్కడొస్తాదమ్మా!" అని నవ్వింది. నిజమే. వరదనీటికి సముద్రం నుంచి ఎదురీదే పులసకి ధవళేశ్వరం దగ్గరే అడ్డు. అక్కడ 1852 నుంచీ ఆనకట్ట ఉంది కదా.

2021లో పోలవరం ప్రాజెక్టు దగ్గర గోదావరిని స్పిల్‌వే వైపు మళ్లించారు. ఎగువ పల్లెలు ఖాళీ అయ్యాయి. వాళ్లూ మా మండలంలోని తాడువాయి పునరావాస కాలనీకి చేరారు. పక్కా ఇల్లు, దగ్గర్లో బడి, ఆసుపత్రి. కాదనలేం. దోనె మాత్రం రేవులోనే ఉండిపోయింది. ఇప్పుడు చెరువు చేపలు కొని, గంపకెత్తి అమ్ముతోంది.

"ఇంటికి లెక్క కట్టారమ్మా, ఏటికెవరు కడతారు?" అంది మొన్న.

ఈసారి చేపలు కొనేటప్పుడు, బేరానికి ముందు "ఏ ఊరమ్మా మీది?" అని మీరూ అడిగి చూడండి.