పెరటి కొలను - కనిపించని పొర

ఇంటి పెరటిలో చిన్న కొలను త్రవ్వుకొని, అందులో రెండు కలువ మొక్కలు, నాలుగు చేపలు పెంచుకొనవలెనన్న కోరిక చాలామందికి కలుగుతుంది. గొయ్యి త్రవ్వుట కష్టం కాదు. అందులో నీరు నిలుపుటయే కష్టం. ఎర్ర ఇసుక నేల నీటిని ఇంకించుకొంటుంది. నల్లరేగడి తడిసినప్పుడు ఉబ్బి, ఎండినప్పుడు నెర్రెలు విచ్చుతుంది. మన పూర్వులు చెరువు కట్టలకు బంకమన్ను దట్టించి, మసీదుల హౌజులను, తోటల కొలనులను రాతితోను గచ్చుతోను కట్టి ఈ చిక్కును దాటినారు. నేడు సామాన్య గృహస్థునకు అందుబాటులో ఉన్న సాధనం గొయ్యిలో పరచే షీటు. దీనినే లైనర్ అంటారు.

షీటును పరచుట ఎంత ముఖ్యమో, దానిని కప్పుట కూడ అంత ముఖ్యం. నేను తొలిసారి కొలను కట్టినప్పుడు పలుచని పాలిథీన్ షీటు పరచి, అంచులను అట్లే వదలివేసినాను. ఒక వేసవి గడచుసరికి నీటిపైనున్న అంచు పెళుసై, వ్రేలితో నొక్కగానే చిట్లింది. నీట మునిగిన భాగం మాత్రం మెత్తగానే ఉన్నది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ప్లాస్టిక్కును క్షీణింపజేస్తాయి. కనుక షీటును దాచుట అలంకారం మాత్రమే కాదు, దాని ఆయుష్షును కాపాడుట కూడ. ఇ.పి.డి.ఎం. రబ్బరు షీటు ఎండకు బాగా ఓర్చుకొంటుంది. కాని దాని వెల అధికం.

దాచే పని త్రవ్వుటతోనే మొదలవుతుంది. గొయ్యి అంచు చుట్టూ ఒకే మట్టంలో ఉండవలెను. బల్లచెక్కపై రసమట్టం పెట్టి చూడాలి. ఒక ప్రక్క రెండంగుళాలు పల్లమైతే నీరు అటు పొర్లిపోయి, ఎదుటి ప్రక్క షీటు బయటపడుతుంది. అంచునకు తొమ్మిది అంగుళాల దిగువన అడుగు వెడల్పు గల మెట్టును చుట్టూ విడువవలెను. షీటును దాచే రాళ్లు, కుండీలు నిలిచేది ఈ మెట్టు మీదనే.

షీటు కొలతకు సూత్రం సులభం. పొడవునకు లోతు రెండింతలు, అంచుల కొరకు రెండడుగులు కలపాలి. వెడల్పునకు కూడ అంతే. పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, రెండడుగుల లోతు గల కొలనుకు 16 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు గల షీటు కావలెను. అందులో పట్టే నీరు, మెట్టును లెక్కించకపోతే, దాదాపు 3,400 లీటర్లు, అనగా 3.4 టన్నుల బరువు. ఆ బరువు క్రింద ఒక్క గులకరాయి మొన తేలినా షీటు చిల్లుపడుతుంది. అందుచేత రాళ్లు, వేళ్లు ఏరివేసి, అడుగున రెండంగుళాల మెత్తని ఇసుకను, గోడలకు పాత కంబళ్లను పరచవలెను.

ఎండలో కొంతసేపు ఉంచిన షీటు మెత్తబడి, గొయ్యి రూపానికి సులభంగా ఒదుగుతుంది. దానిని బిగించి లాగరాదు. వదులుగా పరచి, నీరు మెల్లగా నింపుతూ మడతలు సర్దుకోవలెను. కొలను నిండక ముందు అంచు కత్తిరించరాదు.

ఇక అంచు సంగతి. మెట్టుపై పెద్ద రాళ్లను సగం నీటిలో, సగం పైకి ఉండునట్లు పేర్చి, వాటి వెనుక షీటును నీటి మట్టం కంటె ఎత్తుగా నిలువునా లేపి, వెలుపలి నుండి మట్టితో అదమాలి. అప్పుడు చూపరులకు రాయి, నీరు మాత్రమే కనిపిస్తాయి. షీటు అంచు పల్లంగా మట్టిలో కలిసిపోతే, ఆ మట్టి దీపపు వత్తి నూనెను పీల్చినట్లు నీటిని పీల్చివేస్తుంది. రాళ్లకు బదులు షాబాదు బండలు పరచదలచినవారు వాటిని నీటిపైకి రెండంగుళాలు ముందుకు జరిపితే, ఆ నీడలో షీటు మరుగవుతుంది. మెట్టుపై కుండీలలో మెట్టతామర పెంచవచ్చును. వెదురు మాత్రం దగ్గర నాటరాదు, దాని మొనలు షీటును చీల్చుతాయి.

నీరు తగ్గుతున్నదని తోస్తే, నిండు బకెట్టు నొకదానిని కొలను ప్రక్కన ఉంచండి. బకెట్టులో కంటె కొలనులో మట్టం ఎక్కువగా దిగినచో అది ఆవిరి కాదు, కారుట. దోమలు ముసరకుండా గప్పీ చేపలను వదలండి. పసిపిల్లలున్న ఇంట చుట్టూ కంచె వేయక కొలను నింపకండి.

విద్యార్థులారా! కొలనును చూచినవారు కలువలను మెచ్చుకొంటారు. షీటును ఎవ్వరూ తలంచరు. అది ఎవ్వరి కంటా పడకుండుటయే పని సక్రమంగా జరిగినదనుటకు గుర్తు.