ప్లాటినానికి సీసం పడదు

వ్యాన్ల కింద దూరి సైలెన్సర్లు కోసుకుపోయే దొంగల వార్తలు ఈమధ్య మన దేశంలోనూ తరచూ వస్తున్నాయి. వాళ్లకు కావలసింది ఇనుప గొట్టం కాదు, దాని మధ్యలో ఉబ్బెత్తుగా కనిపించే డబ్బా. పేరు క్యాటలిటిక్ కన్వర్టర్. అందులో ప్లాటినం, పల్లేడియం, రోడియం ఉంటాయి. అన్నీ కలిపినా కొద్ది గ్రాములే. ఇంజన్ వదిలే కార్బన్ మోనాక్సైడ్‌నూ, కాలకుండా మిగిలిన పెట్రోలునూ, నైట్రోజన్ ఆక్సైడ్లనూ ఇవి కార్బన్ డయాక్సైడ్‌గా, నీటిగా, నైట్రోజన్‌గా మార్చి బయటికి పంపుతాయి. ఇంత చేసినా ఆ లోహం ఖర్చయిపోదు. తాను ఖర్చు కాకుండా చర్యను వేగంగా జరిపించే ఇలాంటి పదార్థాన్నే ఉత్ప్రేరకం అంటాం.

ఖర్చు కాదు సరే, మరి పాడు కూడా కాదా? భేషుగ్గా అవుతుంది. చెడిపోయిన కన్వర్టర్‌లోని లోహం తూకంలో పెద్దగా తేడా రాదు. పాత సామాన్ల వ్యాపారి దానికీ డబ్బిస్తాడు. పని మాత్రం చేయదు. కారు ఎప్పటిలాగే నడుస్తుంది కాబట్టి తోలేవాడికి అనుమానమైనా రాదు. పొల్యూషన్ సర్టిఫికెట్ కోసం గొట్టంలో పరికరం పెట్టినప్పుడే గుట్టు బయటపడుతుంది. రసాయన శాస్త్రజ్ఞులు దీన్ని ఉత్ప్రేరకానికి విషం ఎక్కడం అంటారు.

ఆ డబ్బాను కోసి చూస్తే లోపల పింగాణీ దిమ్మె ఉంటుంది. దాని నిండా తేనెపట్టులా సన్నని గొట్టాలు, చదరపు అంగుళానికి దాదాపు 400. గొట్టాల గోడలకు అల్యూమినా పూత. అది ఎంత గరుకంటే ఒక్క గ్రాము పూతలోని సందుగొందులన్నీ విప్పి పరిస్తే వంద చదరపు మీటర్లు దాటుతుంది. ఆ పూత మీద కంటికి కనిపించనంత చిన్న లోహపు రేణువులు చల్లి ఉంటాయి. పొగ ఆ గొట్టాల్లో ఉండేది సెకనులో పదో వంతు కూడా కాదు. ఆ కాస్త వ్యవధిలోనే కార్బన్ మోనాక్సైడ్ అణువు లోహం మీద వాలాలి, ఆక్సిజన్‌తో కలవాలి, లేచిపోవాలి.

కీలకమంతా ఆ లేచిపోవడంలోనే ఉంది. పెళ్లిభోజనాల్లో ఒక బంతి లేస్తేనే కదా రెండో బంతి కూర్చునేది. తిన్నాక కూడా విస్తరి ముందు నుంచి కదలని అతిథే ఇక్కడ విషం. సీసం, గంధకం, భాస్వరం, ఆర్సెనిక్ లోహాన్ని తినేయవు, కరిగించవు. ఆ ఉపరితలంతో అతి గట్టి బంధం పెట్టుకుని అక్కడే ఉండిపోతాయి. నిజానికి మంచి ఉత్ప్రేరకానికి ఉండే గుణమే దీనికి కారణం. అణువులను పట్టుకునే శక్తి లోహానికి లేకపోతే అసలు చర్యే జరగదు. ఆ శక్తి ఉన్నందుకే విషాన్నీ పట్టుకుంటుంది.

చిటికెడు విషం అంత లోహాన్ని ఎలా పడగొడుతుంది? 1925లో హ్యూ టేలర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు దీనికొక వివరణ ఇచ్చాడు. ఉపరితలం మొత్తం ఒకేలా పనిచేయదు, అసలు పని కొన్ని చురుకైన చోట్లలోనే జరుగుతుందన్నాడు. ఆ కొన్ని మూసుకుపోతే చాలు, మిగతాదంతా ఉన్నా లేనట్టే.

ఉత్ప్రేరకం ఎలా చచ్చుబడుతుందో యూజీన్ హుడ్రీ కథలో బాగా తెలుస్తుంది. ఈ ఫ్రెంచి ఇంజనీరు 1930లో అమెరికా వెళ్లాడు. బంకమన్ను లాంటి ఉత్ప్రేరకంతో ముడిచమురును విరగ్గొట్టి మేలురకం పెట్రోలు తీసే పద్ధతిని పరిశ్రమగా నిలబెట్టింది ఇతనే. అందులోనూ ఉత్ప్రేరకం కొద్దిసేపటికే నల్లబడి చచ్చుబడేది. మీద పేరుకున్నది బొగ్గు. గాలి ఊది కాల్చేశాడు, ఉత్ప్రేరకం మళ్లీ లేచి కూర్చుంది. నేటి రిఫైనరీలు చేస్తున్నదీ ఈ కాల్చుడే.

తర్వాత లాస్ ఏంజిలెస్ పొగమంచు గోల విని, 1950లో ఒక కంపెనీ పెట్టి, వాహనాల పొగను శుద్ధిచేసే ఉత్ప్రేరకాల మీద పడ్డాడు. ఉపాయం పనిచేసింది. ప్రయోగశాలలో కాదు, పెట్రోలు బంకు దగ్గర ఓడిపోయింది. ఇంజన్ కొట్టుకోకుండా పెట్రోలులో టెట్రాఇథైల్ సీసం కలపడం 1920లలోనే మొదలైంది. 1970 ప్రాంతంలో అమెరికాలో లీటరుకు అర గ్రాముకు పైనే ఉండేది. నలభై లీటర్ల ట్యాంకుకు లెక్కేసుకోండి: ఇరవై గ్రాముల సీసం! అందులో చాలా భాగం పొగతోపాటే బయటికి వస్తుంది. ఎదురుగా ఉన్న ప్లాటినమేమో కొద్ది గ్రాములు. బొగ్గును కాల్చినట్టు సీసాన్ని కాల్చి వదిలించుకోలేం. హుడ్రీ 1962లో చనిపోయాడు. కార్లలో తన ఆలోచన నిలదొక్కుకోవడం చూడలేదు.

మందు ఉత్ప్రేరకంలో దొరకలేదు, ఇంధనంలో దొరికింది. 1975 మోడల్ కార్లకు కన్వర్టర్లు రాబోతున్నాయి కాబట్టి అమెరికా బంకుల్లో సీసం లేని పెట్రోలు కూడా దొరకాలని ప్రభుత్వం ముందుగానే నిబంధన పెట్టింది. కొత్త కార్ల ట్యాంకు మూతి సన్నగా చేసి, సీసం పెట్రోలు పోసే గొట్టం అందులో దూరకుండా చూశారు. కొందరు ఘనులు నాలుగు సెంట్లు మిగుల్తాయని ఆ మూతిని పెద్దది చేసి మరీ పాత పెట్రోలే పోసుకున్నారు.

సీసం గాలిలో, సముద్రంలో, మనుషుల ఒంట్లో పేరుకుంటోందని క్లేర్ ప్యాటర్సన్ అనే శాస్త్రజ్ఞుడు 1965లోనే గట్టిగా రాశాడు. పిల్లల ఆరోగ్యం పేరిట సీసం తగ్గించే నిబంధనా వచ్చింది. పెట్రోలు కంపెనీలు దాని మీద కోర్టుకెక్కాయి. బంకులో సీసం లేని పంపు మొదట వెలిసింది మాత్రం ప్లాటినాన్ని కాపాడడానికి. పసివాళ్ల మెదళ్ల కన్నా లోహపు పొడికి ముందుగా రక్షణ దొరకడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మన దగ్గరా వరుస అదే. 1995 ఏప్రిల్ 1 నుంచి నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు కన్వర్టర్ తప్పనిసరి చేసి, వాటి కోసం సీసం లేని పెట్రోలు తెచ్చారు. దేశమంతటా సీసం పోయింది 2000 ఫిబ్రవరిలో. ప్రపంచంలో చిట్టచివరగా అల్జీరియా 2021లో ఆపింది.

సీసం పోయాక గంధకం వంతు వచ్చింది. ఇది కాస్త మెత్తటి విషం. ఇంజన్ బాగా వేడెక్కి పరుగెత్తితే కొంత వదులుతుంది. కొన్ని కార్ల వెనక ఒక్కోసారి వచ్చే కుళ్లిన కోడిగుడ్డు వాసన ఇలా వదిలిన గంధకానిదే. 2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్-6 పెట్రోలులో గంధకం పది లక్షల పాళ్లలో 10 పాళ్లు మించకూడదు. అంతకుముందు 50 దాకా ఉండనిచ్చేవారు. ఎరువుల కర్మాగారాల పట్టింపు ఇంకా ఎక్కువ. సహజవాయువు నుంచి హైడ్రోజన్ తీసే నికెల్‌ను కాపాడాలంటే గంధకం కోటి పాళ్లలో ఒక పాలు దాటకూడదు. అందుకే ముందుగా ఆ వాయువును జింక్ ఆక్సైడ్ గుండా పోనిస్తారు. అది గంధకాన్ని తాను పట్టుకుని జింక్ సల్ఫైడ్‌గా మారిపోతుంది. నికెల్ బతుకుతుంది.

విషాన్ని కోరి వాడుకునేవాళ్లూ ఉన్నారు. 1952లో హెర్బర్ట్ లిండ్లర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు పల్లేడియానికి కావాలనే సీసం పట్టించాడు. హైడ్రోజన్ చేర్చేటప్పుడు, దూకుడు తగ్గిన ఆ పల్లేడియం మూడు బంధాల కార్బన్ జంటను రెండు బంధాల దగ్గర ఆపేస్తుంది. విటమిన్ ఎ తయారీలో అది చాలా అక్కరకొచ్చింది.

ఇప్పుడు మన కార్లలో మిగిలిన పెద్ద విషం పెట్రోలుది కాదు, ఇంజన్ ఆయిల్‌ది. అరుగుదల తగ్గించడానికి ఆయిల్‌లో కలిపే పదార్థంలో భాస్వరం, జింక్ ఉంటాయి. రింగులు అరిగి ఆయిల్ మండే ఇంజన్‌లో ఆ భాస్వరం కన్వర్టర్ ముందు భాగంలో పూతకట్టి, అల్యూమినా సందులను మూసేస్తుంది. అందువల్ల మీ కారు నీలం పొగ వదులుతుంటే ముందు ఇంజన్ బాగు చేయించండి, ఆ తర్వాతే కొత్త కన్వర్టర్ వేయించండి. వరుస తారుమారైతే వేలు పోసి కొన్న కొత్తదానికీ అదే విషం ఎక్కుతుంది.