డెబ్బై దాటిన శిష్యుడు

నేడు సుక్మా జిల్లాలో ఉన్న కొంటా మా స్వగ్రామం. బస్తరు దక్షిణపు టంచున, శబరి ఒడ్డున ఉన్న ఆ ఊరిలోని టూరింగ్ టాకీసులో చిన్ననాడు ‘మాయాబజార్’ చూశాను. ఘటోత్కచుని నోటిలోకి లడ్లు వాటంతట అవే చేరుతుంటే నిశ్చేష్టుడనయ్యాను. 1957 నాటి ఆ చిత్రానికి సహాయ దర్శకులుగా పనిచేసిన యువకుడే శ్రీ సింగీతం శ్రీనివాసరావు. నెల్లూరు జిల్లాలో 1931లో జన్మించిన ఆయన, 2003లో ‘సన్ ఆఫ్ అలాద్దీన్’ అనే కంప్యూటర్ యానిమేషన్ చిత్రానికి దర్శకత్వం వహించారు. మద్రాసులోని పెంటామీడియా గ్రాఫిక్స్ సంస్థ దానిని నిర్మించింది.

ఈ విషయాన్ని గత సంవత్సరం తెలుసుకొన్నప్పుడు నా బల్ల సొరుగులో ఒక వినతిపత్రం ఉన్నది. మా విభాగంలో ప్రవేశపెట్టిన త్రిమితీయ డిజైన్ పద్ధతి శిక్షణ నుండి, వయసు రీత్యా నన్ను మినహాయించవలసిందని అందులో వ్రాసుకొన్నాను. అప్పటికి నాకు యాభై ఐదేళ్ళు.

కంప్యూటర్ చిత్రంలో ఎండా ఉండదు, తెరపై నటులూ కనబడరు. మోషన్ క్యాప్చర్ పద్ధతిలో నటుని దేహంపై గుర్తులు అమర్చి, చుట్టూ ఉన్న కెమెరాలతో వాటి కదలికలను గ్రహించి, ఆ లెక్కలను బొమ్మ అస్థిపంజరానికి అన్వయిస్తారు. పిమ్మట సెకనుకు 24 చొప్పున ఒక్కొక్క చిత్రాన్నీ కంప్యూటరు గణించాలి. గంటన్నర నిడివికి ఆ సంఖ్య 1,29,600. తీసి చూసి, అక్కరలేనిది కత్తిరిద్దామంటే ఖర్చు భరింపరానిది. కనుక ప్రతి దృశ్యపు నిడివినీ ముందే నిర్ణయించుకోవాలి.

ఈ క్రమశిక్షణ సింగీతం వారికి కొత్తది కాదు. చిత్రీకరణకు పూర్వమే సన్నివేశాల నిడివిని లెక్కగట్టుకొనే కె.వి.రెడ్డి గారి వద్ద ఆయన శిష్యరికం చేశారు. సంభాషణలే లేని ‘పుష్పక విమానం’ (1987)లో భావాన్ని కదలికతోనే పలికించారు. బొమ్మకు ప్రాణం పోసేదీ కదలికయే. ‘ఆదిత్య 369’ (1991)లో కాలయంత్రాన్ని తెలుగు తెరపై నడిపించారు. ఆయన చేతిలో మారినది పనిముట్టు మాత్రమే. నేర్చిన విద్య మారలేదు.

2008లో మరల ‘ఘటోత్కచ్’ అనే యానిమేషన్ చిత్రాన్ని అందించారు. ఈ రెండు చిత్రాలకూ ఆయన ఇతర చిత్రాలకు లభించినంత ప్రఖ్యాతి లభించలేదు. అయినను ఆయన నేర్చుకొనుట మానలేదు. ఆయన మార్గదర్శకులుగా వ్యవహరించిన ‘కల్కి 2898 ఏడీ’ 2024లో విడుదలైనప్పుడు ఆయనకు 92 ఏళ్ళు.

నా వినతిపత్రాన్ని చించివేసి శిక్షణలో చేరాను. నాకు బోధించిన యువ ఇంజనీరు నా కుమారుని ఈడువాడు. మొదటి వారమంతా మౌస్ నా మాట వినలేదు. కానీ డ్రాయింగు బల్లపై ముప్పై ఏళ్ళు అలవడిన కొలతల జ్ఞానం తెరపైనా అక్కరకు వచ్చింది. ఒక అమరికలో రెండు పైపులు ఒకే చోట ఢీకొంటున్నవని ముందుగా పసిగట్టినది నేనే. ‘‘ఎలా కనిపెట్టారు సార్?’’ అని ఆ యువకుడు అడిగాడు. ఆనాటి నుండి మేమిద్దరం ఒకరికొకరు గురువులం.